పాత రేడియో డయోడ్లతో గిటార్ డిస్టార్షన్ పెడల్

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పాత రేడియోలు బాగుచేసే దుకాణంలో ఓఏ79 జెర్మేనియం డయోడ్లు రెండు దొరికితే వదలకండి. గిటార్ సిగ్నల్ శిఖరాలను కోసి నాదాన్ని గరుకుగా మార్చే ఈ పెడల్ గొంతు వాటిలోనే ఉంది.

సిగ్నల్‌ను పెంచే 741 ఐసీని నేరుగా అతికించకుండా బేస్‌లో (ఐసీని గుచ్చే సాకెట్‌లో) పెట్టి, 7వ కాలికి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 4వ కాలికి గ్రౌండ్ కలపండి. బ్యాటరీ ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య వరుసగా పెట్టిన రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్ల నడుమ నుంచి తీసిన 4.5 వోల్టులను 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో గ్రౌండ్‌కు స్థిరపరచి, మరో 1 మెగాఓమ్ ద్వారా 3వ కాలికి అందించాలి. గిటార్ సిగ్నల్ కూడా 0.01 మైక్రోఫారడ్ గుండా అక్కడికే వస్తుంది. 6, 2 కాళ్ల మధ్య 1 మెగాఓమ్ పెట్టి, 2వ కాలి నుంచి 4.7 కిలోఓమ్, 500 కిలోఓమ్ పాట్ (తిప్పితే నిరోధం మారే రెసిస్టర్), 0.047 మైక్రోఫారడ్‌లను వరుసగా గ్రౌండ్‌కు దించితే, పాట్ పూర్తిగా తిప్పినప్పుడు సిగ్నల్ సుమారు 213 రెట్లు పెరుగుతుంది. 6వ కాలి నుంచి 1 మైక్రోఫారడ్ (ప్లస్ ఐసీ వైపు), 10 కిలోఓమ్ దాటాక, డయోడ్లను ఎదురెదురు దిశల్లో గ్రౌండ్‌కు కలిపి, అక్కడి నుంచే వాల్యూమ్ పాట్‌కు వెళ్లాలి.

పాత డయోడ్ కాళ్లు నల్లబడి ఉంటాయి, ముఖ్యంగా బరంపురం దగ్గరి గోపాలపురం వంటి సముద్రపు గాలి తగిలే చోట. బ్లేడుతో మెరిసేదాకా గీకి, గాజుకూ టంకానికీ మధ్య కాలిని పట్టకారుతో పట్టుకోండి, వేడికి జెర్మేనియం తట్టుకోదు.

మార్పుల్లో నాకు బాగా నచ్చింది 0.047 స్థానంలో 0.1 మైక్రోఫారడ్ వేయడం: కోత (దీనికి కింది స్వరాలు తక్కువగా పెరిగే హద్దు) 720 హెర్ట్జ్ నుంచి సుమారు 340కి దిగి, లావు తీగల నాదం నిండుగా వస్తుంది. 1ఎన్4148 సిలికాన్ డయోడ్లతో శబ్దం పెద్దదై, పదునెక్కుతుంది. బుస ఎక్కువైతే అదే బేస్‌లో 741 బదులు తక్కువ బుస ఉండే టీఎల్071 ఐసీ పెట్టండి.