లక్షల స్మార్ట్ మీటర్ల భద్రతకు బ్లాక్‌చెయిన్‌ను అమర్చుకునే విధానం

కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన ఆర్‌డీఎస్‌ఎస్ (విద్యుత్ పంపిణీ రంగ సంస్కరణల) పథకం దేశమంతటా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లను బిగించాలని లక్ష్యంగా పెట్టుకుంది. చాలాచోట్ల ఈ మీటర్లను డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) స్వయంగా నడపదు. ఏఎంఐఎస్‌పీ అని పిలిచే సేవాసంస్థ వాటిని కొని, బిగించి, ఏళ్ల తరబడి నిర్వహిస్తూ రీడింగులను డిస్కంకు అందిస్తుంది. మీటరుకు ఇంత చొప్పున ఆ సంస్థకు నెలనెలా చెల్లింపు జరుగుతుంది. రీడింగులు సకాలంలో అందకపోతే అందులో కోత పడుతుంది. అంటే, కోతకు ఆధారమైన లెక్కను సేకరించేదీ, కోత పడితే నష్టపోయేదీ ఒకే సంస్థ అన్నమాట. బిల్లు తప్పని వినియోగదారుడు ఫిర్యాదు చేసినా, తన మీటరులో లోపం లేదని తయారీదారు వాదించినా, తగవు తీర్చవలసింది కూడా ఆ సంస్థ సర్వరులోని రికార్డే. బ్లాక్‌చెయిన్ (పలు పక్షాల కంప్యూటర్లలో ఒకే ప్రతిగా ఉంటూ, ఏ ఒక్కరూ మార్చలేని రికార్డు బ్లాకుల గొలుసు) పనికివచ్చేది సరిగ్గా ఇటువంటి చోటనే. 10 లక్షల మీటర్లున్న ఒక డిస్కంను ఉదాహరణగా తీసుకొని, ఆ అమరిక ఎలా చేసుకోవాలో వివరిస్తాను.

ముందుగా తేల్చుకోవలసినవి

బ్లాక్‌చెయిన్ కాపాడేది రికార్డును, పరికరాన్ని కాదు. మీటరులోకి చొరబడినవాడు తప్పుడు రీడింగు పంపితే, ఆ తప్పుడు రీడింగే ఎవరూ మార్చలేని విధంగా భద్రమవుతుంది. అలాగే, రికార్డు రాసేదీ చదివేదీ ఒకే సంస్థ అయితే బ్లాక్‌చెయిన్ అవసరమే లేదు, డిజిటల్ సంతకాలున్న మామూలు లాగ్ చాలు. పరస్పరం పూర్తిగా నమ్మలేని పక్షాలు కనీసం మూడైనా ఉన్నప్పుడే ఈ ఖర్చుకు అర్థం ఉంటుందని నా నిశ్చితాభిప్రాయం. మన ఉదాహరణలో డిస్కం, ఏఎంఐఎస్‌పీ, మీటరు తయారీదారు, విద్యుత్ నియంత్రణ మండలి అనే నాలుగు పక్షాలున్నాయి.

ఎవరైనా చేరగలిగే బిట్‌కాయిన్ వంటి బహిరంగ గొలుసు ఈ పనికి సరిపోదు. 10 లక్షల మీటర్లు అరగంటకొకసారి రీడింగు పంపితే రోజుకు 4.8 కోట్లు, అంటే సెకనుకు సుమారు 555 రీడింగులు వస్తాయి. బిట్‌కాయిన్ సెకనుకు ఏడు లావాదేవీలకు మించి మోయలేదు. చిన్న బహిరంగ గొలుసులకు వేరే ముప్పు ఉంది: మైనింగ్ శక్తిలో (కొత్త బ్లాకులు తయారుచేసే కంప్యూటర్ల శక్తిలో) సగానికి మించి ఒకరి చేతికి చిక్కడంతో ఈథీరియం క్లాసిక్ అనే గొలుసు చరిత్ర 2019లోనూ 2020లోనూ తిరగరాయబడింది. అందుచేత సభ్యులకు మాత్రమే ప్రవేశముండే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ వంటి వేదికను ఎంచుకోవాలి.

ఫ్యాబ్రిక్‌లో బ్లాకుల వరుసను నిర్ణయించే నోడ్‌లకు (గొలుసును నడిపే కంప్యూటర్లకు) చాలాకాలంగా రాఫ్ట్ అనే ఏకాభిప్రాయ పద్ధతి వాడుకలో ఉంది. ఐదు నోడ్‌లలో రెండు ఆగిపోయినా రాఫ్ట్ నడుస్తుంది కానీ, అబద్ధమాడే నోడ్‌ను అది తట్టుకోలేదు. 2024లో వచ్చిన 3.0 వెర్షన్‌లోని బీఎఫ్‌టీ పద్ధతి ఆ లోటును తీరుస్తుంది. దాని ప్రకారం ఒక మోసకారి నోడ్‌ను తట్టుకోవడానికి నాలుగు, రెండింటిని తట్టుకోవడానికి ఏడు నోడ్‌లు కావాలి. మనకున్న నాలుగు పక్షాలూ తలా ఒక నోడ్ నడిపితే మొదటి లెక్క సరిపోతుంది. అయితే ఆ నాలుగు నోడ్‌లనూ ఒకే గుత్తేదారు ఒకే క్లౌడ్ ఖాతాలో నడిపితే ఈ ఏర్పాటంతా వృథా అవుతుంది. ఎవరి నోడ్‌ను వారి సిబ్బందే, వారి సొంత కీలతోనే నడపాలన్న షరతును ఒప్పందంలోనే రాయించండి.

మీటరుకు గుర్తింపు

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలను, రౌటర్లను వశం చేసుకోవడానికి ఫ్యాక్టరీ పాస్‌వర్డుల చిన్న జాబితా ఒక్కటే సరిపోయింది. కాబట్టి మీటర్లన్నింటికీ ఒకే పాస్‌వర్డు గానీ, ఒకే కీ గానీ ఉండకూడదు. ప్రతి మీటరులోనూ సురక్షిత చిప్ ఉండాలి, సంతకం చేసే రహస్య సంఖ్య అయిన ప్రైవేట్ కీ ఆ చిప్‌లోనే పుట్టాలి, అక్కడి నుంచి ఎన్నడూ బయటకు రాకూడదు. ఆ సంతకాన్ని ఎవరైనా సరిచూడటానికి పనికొచ్చే పబ్లిక్ కీని మాత్రం తయారీదారు తన సంతకంతో, మీటరు క్రమసంఖ్యతో సహా గొలుసులో నమోదు చేయాలి.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. మీటర్లు మాట్లాడే డీఎల్‌ఎంఎస్ ప్రమాణంలోని సూట్ 0లో (భద్రతా స్థాయిలలో మొదటిది) ఏఈఎస్ అనే గుప్తీకరణకు వాడే రహస్య కీ ఒక్కటే ఉంటుంది, అదే కీ మీటరు వద్దా, సర్వరు వద్దా కూడా ఉంటుంది. అటువంటప్పుడు ఫలానా రీడింగు మీటరే పంపిందా, సర్వరే సృష్టించిందా అన్నది మూడో వ్యక్తి ఎదుట రుజువు చేయడం సాధ్యం కాదు. డిజిటల్ సంతకాలు సూట్ 1, సూట్ 2లలోనే లభిస్తాయి. కొత్తగా కొనే మీటర్లకు కనీసం సూట్ 1 అడగండి. ఇప్పటికే గోడకెక్కిన సూట్ 0 మీటర్ల విషయంలో, వీలైనంత దగ్గరలోని గేట్‌వే (మీటర్లకూ సర్వరుకూ మధ్య సమాచారాన్ని చేరవేసే పరికరం) చేత సంతకం చేయించి, ఆ సాక్ష్యం బలం గేట్‌వే వరకేనని పక్షాలన్నింటికీ ముందే లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

ఏ మీటరు ఏ ఇంటిదన్న జతపరుపు మరో బలహీనమైన చోటు. బిగించేటప్పుడు పక్కపక్క ఇళ్ల మీటర్లు తారుమారైతే, ఎంత గట్టి గణితమైనా ఒకరి బిల్లును మరొకరి నెత్తిన వేస్తుంది. అందువల్ల బిగించిన రోజే ఏఎంఐఎస్‌పీ మనిషీ, డిస్కం సిబ్బందీ ఇద్దరూ సంతకం చేస్తేనే ఆ జత చెల్లుబాటయ్యేలా స్మార్ట్ కాంట్రాక్టు (గొలుసు మీద తనంతట తాను అమలయ్యే ప్రోగ్రాం) రాయాలి.

గొలుసులోకి వెళ్లవలసినది, వెళ్లకూడనిది

రీడింగులను గొలుసులో పెట్టకూడదు. అరగంట రీడింగులను వరుసగా చూస్తే ఇంట్లోవాళ్లు ఎప్పుడు నిద్రలేస్తారో, ఏ రోజుల్లో ఇంటికి తాళం వేసి ఊరెళతారో తెలిసిపోతుంది. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తులకు తమ సమాచారాన్ని తొలగించమని కోరే హక్కు ఇస్తుండగా, గొలుసు నుంచి దేన్నీ తొలగించలేం.

రీడింగులు మామూలు డేటాబేసులోనే ఉండాలి. ప్రతి రీడింగుకూ మీటరు సంఖ్య, సమయం, వరుస సంఖ్య, ఒక యాదృచ్ఛిక సంఖ్య జోడించి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (సమాచారం ఏమాత్రం మారినా మారిపోయే 32 బైట్ల వేలిముద్ర) తీయాలి. యాదృచ్ఛిక సంఖ్యను వదిలేయకండి: రీడింగు విలువలు కొన్ని వేలకు మించవు కనుక, అది లేకపోతే ఒక్కొక్కటే ప్రయత్నించి అసలు విలువను క్షణాల్లో కనుక్కోవచ్చు. హ్యాష్‌లను జతలు జతలుగా కలుపుతూ మర్కిల్ వృక్షం కట్టి, దాని మూలాన్ని (చివరికి మిగిలే ఒకే హ్యాష్‌ను) మాత్రమే, మొత్తం రీడింగుల సంఖ్యతో పాటు, అరగంటకొకసారి గొలుసుకెక్కించాలి. అప్పుడు రోజుకు 4.8 కోట్ల లావాదేవీలకు బదులు 48 సరిపోతాయి. తగవు వచ్చినప్పుడు ఒక రీడింగు ఆ వృక్షంలోదేనని చూపడానికి 20 హ్యాష్‌లు, అంటే 640 బైట్లు చాలు. తొలగించవలసి వస్తే రీడింగునూ యాదృచ్ఛిక సంఖ్యనూ చెరిపేయాలి. గొలుసులో మిగిలిన మూలం నుంచి ఆ విలువను తిరిగి రాబట్టలేరు.

రీడింగును మార్చడం కంటే మాయం చేయడం సులువు. వరుస సంఖ్య కలపమన్నది అందుకే. మధ్యలో ఒక సంఖ్య లేకపోతే తనిఖీదారుకు ఆ ఖాళీ వెంటనే కనిపిస్తుంది.

ఆదేశాలు, ఫర్మ్‌వేర్

నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టేది మీటరులోని రిలే, అంటే కరెంటును కలిపే, తీసేసే స్విచ్. దూరం నుంచే కరెంటు తీసేసే సదుపాయం దుర్మార్గుల చేతికి చిక్కితే, ఒకేసారి లక్షల ఇళ్లు చీకటిలో పడటమే కాక, లోడు ఉన్నట్టుండి పడిపోయి గ్రిడ్ సైతం కుదుపుకు లోనవుతుంది. అందుకని ఒక పరిమితికి మించి, ఉదాహరణకు గంటలో 500 మీటర్లకు మించి, కనెక్షన్లు తొలగించే ఆదేశానికి డిస్కం, ఏఎంఐఎస్‌పీ రెండింటి ఆమోదమూ గొలుసులో ఉండాలని ఎండార్స్‌మెంట్ పాలసీలో (ఏ లావాదేవీకి ఎవరి ఆమోదం కావాలో చెప్పే ఫ్యాబ్రిక్ నియమంలో) రాయండి. ఆ ఆమోదం లేని ఆదేశాన్ని గేట్‌వేయే నిరాకరించాలి. సర్వరు స్థాయిలో మాత్రమే ఆపితే, సర్వరును ఆక్రమించినవాడికి అడ్డేమీ ఉండదు.

ఫర్మ్‌వేర్ (మీటరును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) విషయంలోనూ ఇదే పద్ధతి. తయారీదారు కొత్త వెర్షన్ హ్యాష్‌ను గొలుసులో ప్రకటిస్తాడు, డిస్కం పరీక్షించి ఆమోదిస్తుంది, ఆ తరువాతే గేట్‌వే దాన్ని ముందుకు పంపుతుంది. మీటరు మాత్రం గొలుసును చదవనవసరం లేదు; తయారీదారు సంతకాన్ని సరిచూసుకొని, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడాన్ని నిరాకరిస్తే చాలు. మొదట వెయ్యి మీటర్లకు పంపి, వారం రోజులు గమనించి, ఆపైన మిగతావాటికి పంపాలి.

మీటరు ఏళ్ల తరబడి గోడ మీద ఉంటుంది కాబట్టి సంతకపు పద్ధతిని మార్చుకునే వీలు ముందే ఉంచాలి. క్వాంటమ్ కంప్యూటర్లను తట్టుకునే సంతకాల ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. నేటి సంతకం 64 బైట్లైతే, వాటిలో ఎంఎల్-డీఎస్‌ఏ అత్యంత చిన్న రూపం కూడా 2,420 బైట్లు ఉంటుంది. గేట్‌వే మెమరీని ఆ లెక్కతోనే నిర్ణయించండి.

అమలుకు ముందు పరీక్ష

డేటాబేసులో ఒక రీడింగును చెప్పకుండా మార్చి, నియంత్రణ మండలి నోడ్ నుంచి జరిగే తనిఖీ దాన్ని ఎంతసేపటికి పట్టుకుంటుందో చూడండి. ఒక నోడ్‌ను ఆపేసి, మిగతా మూడింటితో మూలాలు నమోదవుతున్నాయో లేదో గమనించండి. రెండు నోడ్‌లు ఆగితే గొలుసు నిలిచిపోతుంది కనుక, ఆ సమయంలో మూలాలను దాచుకొని తరువాత వరుస తప్పకుండా పంపగలగాలి. ఒక గేట్‌వే కీ దొంగతనానికి గురైందని ప్రకటించి, దాని సర్టిఫికెట్‌ను (కీ ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రాన్ని) రద్దు చేసి, ఆ వార్త చివరి గేట్‌వేకు చేరడానికి ఎంతకాలం పట్టిందో కొలవండి. చివరగా, కాలిపోయి మార్చిన మీటరు కీని ఆ రోజే గొలుసులో రద్దు చేసే బాధ్యతను ఒక నిర్ణీత ఉద్యోగికి అప్పగించాలి. ఎందుకంటే పాతసామాను గదిలో పడి ఉన్న మీటరు చిప్‌లో ఆ కీ ఇంకా పనిచేస్తూనే ఉండవచ్చు.