ఫాదర్ మైకల్ జడ్జ్‌ని ఎలా గుర్తు చేసుకోవాలంటే

సెప్టెంబర్ 11 అనగానే అందరికీ ఉగ్రదాడిలో కూలిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లే గుర్తొస్తాయి, నాకు మాత్రం న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ చాప్లిన్ (సిబ్బందికి ప్రార్థనలో తోడుండే ఫాదర్) మైకల్ జడ్జ్ గుర్తొస్తారు. 2001లో ఆ రోజు నార్త్ టవర్ లాబీలో ప్రార్థన చేస్తూ ఉండిపోయారు, పక్కనున్న సౌత్ టవర్ కూలినప్పుడు దాని శిథిలాల వల్ల అక్కడే చనిపోయారు, మృతుల లిస్టులో మొదటి నంబర్ ఆయనదే.

న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళయితే వెస్ట్ 31వ స్ట్రీట్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి వెళ్ళండి, ఎదురుగానే ఫైర్ స్టేషన్, అక్కడ ఆ వీధికి ఆయన పేరు కూడా పెట్టారు. సెప్టెంబర్ 11కి ముందు ఆదివారం అక్కడి నుంచి ఏటా ఆయన జ్ఞాపకార్థం ఒక వాక్ ఉంటుంది, కుదిరితే తప్పకుండా నడవండి. తర్వాత టవర్లు ఉన్నచోట కట్టిన 9/11 మెమోరియల్‌లో, మృతుల పేర్లు చెక్కిన సౌత్ పూల్ దగ్గర ఆయన పేరు వెతికి, దాని మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం నిలబడండి చాలు.

దూరంగా ఉంటే ఇంట్లోనే కొవ్వొత్తి వెలిగించండి, కానీ అక్కడితో ఆపొద్దని నా రిక్వెస్ట్. 80ల్లో ఎయిడ్స్ పేషెంట్లంటే జనం భయపడి దూరం జరుగుతుంటే ఆయన వెళ్ళి పక్కన కూర్చునేవారు, అందుకే సెప్టెంబర్ 11న, ఎవరూ చూడ్డానికి రాని పేషెంట్ దగ్గరికి వెళ్ళండి, పళ్ళు తీసుకెళ్ళండి, ఫోన్ లోపల పెట్టేసి వాళ్ళు మాట్లాడినంతసేపు వినండి.