పలచని నియోబియం పొర: క్షేత్రం సరే, కోణం చూశారా?

నియోబియం లోహం లాంటి సూపర్‌కండక్టర్ (బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ పోయే పదార్థం) పొర ఎంత అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకుంటుందని అడిగితే నా ఎదురుప్రశ్న ఒకటే: ఏ వైపు నుంచి? లంబంగా వచ్చే క్షేత్రం పొర అంచుల దగ్గర గుమిగూడి, చాలా తక్కువ బలానికే సుడులుగా (చుట్టూ కరెంటు తిరిగే సన్నని క్షేత్రపు గొట్టాలుగా) లోపలికి దూరుతుంది. ఒక్కో సుడిలో 2.07×10⁻¹⁵ వెబర్ల ఫ్లక్స్ (క్షేత్రం × వైశాల్యం); దీన్నే ఫ్లక్స్ క్వాంటం అంటారు. భూమి క్షేత్రం 50 మైక్రోటెస్లాలనుకుంటే, ప్రతి 40 చదరపు మైక్రాన్లకు ఒక సుడి చిక్కుకోగలదు. అదే క్షేత్రం పొర వెంబడి వస్తే, మందం మరీ తక్కువ కాబట్టి సుడికి చోటే ఉండదు.

పొర తట్టుకునే హద్దును, అంటే క్రిటికల్ క్షేత్రాన్ని, రెండు దిశల్లోనూ కొలవాలంటే, ముందు పొరను క్రిటికల్ ఉష్ణోగ్రత (సూపర్‌కండక్టర్ గుణం పోయే ఉష్ణోగ్రత) దాటించి వేడెక్కించండి. ముద్ద నియోబియానికి అది 9.2 కెల్విన్, పలచనయ్యే కొద్దీ తగ్గుతుంది. మాగ్నెట్ కరెంటును అటూ ఇటూ ఊపుతూ సున్నాకి తెచ్చి, అప్పుడు చల్లబరచండి. కరెంటు సున్నా చూపించినా మాగ్నెట్‌లో కొన్ని మిల్లీటెస్లాలు మిగలొచ్చు. రెసిస్టెన్స్ కొలవడానికి నాలుగు తీగల కనెక్షన్ (కరెంటుకు రెండు, వోల్టేజికి రెండు), కొద్ది మైక్రోఆంపియర్ల కరెంటు చాలు. రెసిస్టెన్స్ మామూలు విలువలో సగానికి పడిన చోటును క్రిటికల్ క్షేత్రానికి గుర్తుగా పెట్టుకోండి. ఆ గుర్తును మధ్యలో మార్చొద్దు.

లంబ దిశ సులువు. ఉష్ణోగ్రతతో పాటు క్రిటికల్ క్షేత్రం ఎలా మారుతుందో గీస్తే, క్రిటికల్ ఉష్ణోగ్రత దగ్గర గీత తిన్నగా వస్తుంది, దాని వాలు నుంచి కోహెరెన్స్ పొడవు (సూపర్‌కండక్టర్ గుణం మారడానికి పట్టే కనీస దూరం) దొరుకుతుంది. సమాంతర దిశలో గీత వర్గమూలంలా వంగుతుంది. చిక్కంతా ఇక్కడే. 1963లో భౌతికశాస్త్రవేత్త టింకమ్ ఇచ్చిన సూత్రం ప్రకారం సమాంతర కోణం దగ్గర క్రిటికల్ క్షేత్రం సూదిమొనలా ఉంటుంది. రెండు దిశల క్షేత్రాలకు పదింతల తేడా ఉంటే, ఒక్క డిగ్రీ వంపుకే 8 శాతం పోతుంది.

అందుకే ఉష్ణోగ్రతనూ క్షేత్రాన్నీ కదపకుండా, రెసిస్టెన్స్ సగంలో ఉన్న చోట, పదో వంతు డిగ్రీ చొప్పున పొరను తిప్పండి. రెసిస్టెన్స్ అట్టడుగుకు దిగిన కోణమే సమాంతరం. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పాలి, పళ్ళచక్రాల్లో వదులు ఉంటుంది. నేను ఓసారి వెనక్కి తిప్పి ఆపేశాను. రెండు రాత్రుల కొలతలు అయ్యాక లెక్క వేస్తే 20 నానోమీటర్ల పొర 26గా తేలింది! తప్పంతా మూడు డిగ్రీలదే.

ఆ లెక్కే మీకు సరిచూపు: మందం = √12 × ఫ్లక్స్ క్వాంటం ÷ (2π × కోహెరెన్స్ పొడవు × సమాంతర క్షేత్రం). పొడవూ క్షేత్రమూ ఒకే ఉష్ణోగ్రతవి కావాలి. వచ్చిన మందం విడిగా కొలిచినదానికన్నా బాగా ఎక్కువైతే, ముందు కోణాన్నే అనుమానించండి.