ఇసుక మీద ఏటీవీ, పాఠం 3: పాడిల్ టైరు సైజు తేల్చుకోవడం

ఇసుకలో ఏటీవీ (హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి) ఎందుకు కూరుకుపోతుందో, గాలి తగ్గిస్తే ఎందుకు తేలుతుందో గత రెండు పాఠాల్లో చూశాం. ఇప్పుడు డబ్బు ఖర్చయ్యే సంగతికి వద్దాం. పాడిల్ టైరు అంటే ఇసుకను వెనక్కి తోయడానికి చుట్టూ తెడ్ల లాంటి రబ్బరు పలకలున్న టైరు. అది కొనబోయేవాళ్లు చాలామంది "అన్నిటికన్నా పెద్దది ఏది?" అనే మొదలుపెడతారు. అడగాల్సింది అది కాదు. మీ ఇంజన్ ఎంత ఇసుకను వెనక్కి తోయగలదు? సైజు తేలేది దాన్ని బట్టే.

ముందు సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం మీది అంకెలు చదవడం నేర్చుకోండి. 20×11-9 అని ఉంటే 20 టైరు ఎత్తు, 11 వెడల్పు, 9 రిమ్ వ్యాసం. అన్నీ అంగుళాలే. స్పోర్ట్ క్వాడ్ల (వేగం కోసం చేసిన ఏటీవీల) వెనుక చక్రాలకు తరచుగా కనిపించే సైజు ఇది. చివరి అంకె దగ్గర బేరాల్లేవు, 9 రిమ్‌కి 9 టైరే ఎక్కాలి. ఎంచుకోవడానికి వీలున్నది మిగతా రెండిట్లోనే.

ఎత్తు అంటే నిజానికి గేరింగే. 20 అంగుళాల టైరు ఒక చుట్టుకు దాదాపు 63 అంగుళాలు నడిస్తే, 22 అంగుళాలది 69 నడుస్తుంది. అంటే ప్రతి గేరూ 10 శాతం బరువెక్కినట్టే. గట్టి నేల మీద ఆ తేడాను ఎలాగోలా నెట్టుకురావచ్చు. ఇసుక మాత్రం బండిని ప్రతి క్షణం వెనక్కి పట్టి లాగుతూనే ఉంటుంది, చక్రం వేగం పడిపోయిందంటే తెడ్లు తోయడం మానేసి గొయ్యి తవ్వడం మొదలుపెడతాయి. పెద్ద టైరే కావాలనుకుంటే స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) కూడా మార్చాలి. ముందు 14 పళ్లు, వెనుక 38 పళ్లు ఉన్న బండికి ముందుది 13 చేస్తే దాదాపు 8 శాతం తిరిగొస్తుంది. వెనుక 41 వేసినా ఇంచుమించు అంతే. ముందు స్ప్రాకెట్‌ మార్చడం తేలిక కాబట్టి నా ఓటు దానికే. చైన్ లేని, బెల్ట్‌తో నడిచే బండ్లకు ఈ వెసులుబాటు లేదు. వాటికి కంపెనీ ఇచ్చిన ఎత్తు దాటకపోవడమే మేలు.

ఒక జాగ్రత్త. సైడ్‌వాల్ మీద రాసిన ఎత్తూ టైరు అసలు ఎత్తూ ఒకటే అవుతాయన్న గ్యారంటీ లేదు. గట్టి నేల మీద టైరుకీ నేలకీ కలిసేచోట సుద్దతో గీత గీసి, మీరు బండి మీద కూర్చుని, ఇంకొకరి చేత సరిగ్గా ఒక చుట్టు తోయించండి. ఆ దూరాన్ని టేపుతో కొలిస్తే వచ్చేదే అసలు లెక్క.

వెడల్పు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. వెడల్పుంటే తేలుతుంది, కానీ ఇంజన్ మీద భారం పెరుగుతుంది. చిన్న ఇంజన్‌కి 11 బదులు 10 పెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

అసలు రసవత్తరమైన భాగం తెడ్లు. మొదలుపెట్టడానికి ఒక అంచనా కావాలంటే 250 సీసీ బండికి 6 నుంచి 8, 400-450 సీసీకి 8 నుంచి 10, 700 సీసీకో బాగా ట్యూన్ చేసిన ఇంజన్‌కో 10 నుంచి 12. సంఖ్య ఒక్కటే చూసి కొనకండి. 20 అంగుళాల టైరు మీద 8 తెడ్లుంటే ఒక్కో దాని మధ్య ఎడం 8 అంగుళాల లోపే. అదే 8 తెడ్లు 22 అంగుళాల టైరు మీద ఉంటే ఎడం 8 అంగుళాలు దాటుతుంది, ఇసుకలో ఒకేసారి దిగి ఉండేవి తగ్గుతాయి. తెడ్డు ఎత్తు కూడా ముఖ్యమే. ముప్పావు అంగుళం తెడ్డుకీ అంగుళం పైన ఉన్న దానికీ ఇంజన్‌కి పడే శ్రమలో చాలా తేడా ఉంటుంది. పొడవైనదాన్ని కోసి తగ్గించుకోవచ్చు, పొట్టిదాన్ని మాత్రం పెంచలేం.

అడ్డంగా తిన్నగా ఉండే తెడ్లు సూటి పరుగుకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. దిబ్బ వాలు మీద అడ్డంగా వెళ్లేటప్పుడు మాత్రం బండి పక్కకి జారుతుంది. దిబ్బల మధ్య తిరిగేవాళ్లకు 'వి' ఆకారంలో ఉన్నవే నయం. బిగించేటప్పుడు సైడ్‌వాల్ మీది బాణం గుర్తు చూసుకోండి. కుడి ఎడమలు తారుమారైతే తెడ్డు ఇసుకను పట్టదు.

ఇక సైజు కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక మోస్తరు వాలు ఎంచుకోండి, అవతలి వైపు ఎవరూ లేరని చూసుకోండి. మూడో గేర్‌లో త్రాటిల్ పూర్తిగా ఇచ్చి ఎక్కుతూ ఇంజన్ శబ్దం వినండి. మోత బొంగురుపోయి ఆర్‌పీఎమ్ దిగజారుతోందంటే తెడ్లు ఎక్కువైనా అయ్యాయి, టైరు పెద్దదైనా అయ్యింది. మోత మిన్నంటుతున్నా బండి అంగుళాలు లెక్కపెడుతోందంటే పట్టు చాలలేదు. బయల్దేరగానే ముందు చక్రాలు లేచిపోతుంటే పట్టు మరీ ఎక్కువైందని అర్థం. తడి ఇసుకలో ఈ పరీక్ష చేస్తే లెక్క తప్పుతుంది, అందులో ఏ టైరైనా బాగానే పట్టుకుంటుంది. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి 300 మీటర్లకు టర్బో లేని ఇంజన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది కాబట్టి అక్కడ రెండు తెడ్లు తక్కువున్న టైరే సుఖం.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండి వాళ్లు వెనుక టైరు ఒక్కటీ మార్చేసి ఊరుకోకూడదు. ముందు వెనుక చక్రాలు ఒక చుట్టుకు నడిచే దూరాల నిష్పత్తి కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. లేకపోతే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి అరిగిపోతాయి.

వచ్చే పాఠం ముందు టైర్ల గురించి. ఈలోగా మీ బండి సైడ్‌వాల్ అంకెలు, రెండు స్ప్రాకెట్ల పళ్లు, సుద్దగీతతో కొలిచిన దూరం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అక్కడి లెక్కలకు ఈ మూడూ కావాలి.