ఏటవాలు రిఫరెన్స్ ప్లేన్ వేయడం: 45 డిగ్రీల పైపు బ్రాంచితో

సాలిడ్‌వర్క్స్ అనే 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త పార్ట్ తెరవగానే ఫ్రంట్, టాప్, రైట్ అని మూడు ప్లేన్లు (స్కెచ్ గీసుకునే సమతలాలు) ఉంటాయి. ఏటవాలుగా వచ్చే బాస్‌కో (పొడుచుకొచ్చే భాగం), రంధ్రానికో ఈ మూడూ సరిపోవు, మన ప్లేన్ మనమే వేసుకోవాలి. దీనికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఏదైనా గీత మీదుగా పోతూ మరో ప్లేన్‌తో ఇంత కోణంలో ఉండేలా వేయడం. రెండోది, ముందు అక్షాన్ని గీతగా గీసి, దాని చివర లంబంగా ప్లేన్ పెట్టడం. పైపులు, నాజిళ్లు, రంధ్రాల పనికి రెండోదే మేలు. డ్రాయింగ్‌లో ఇచ్చేది ఎక్కువగా అక్షం కోణమే కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు స్కెచ్‌లో పెట్టేయవచ్చు.

బయటి వ్యాసం 60 మి.మీ., పొడవు 200 ఉన్న మెయిన్ పైపుకు 45 డిగ్రీలలో 40 మి.మీ. బ్రాంచి కలపాలనుకుందాం. రైట్ ప్లేన్ మీద ఆరిజిన్ (మూడు ప్లేన్లు కలిసే బిందువు) కేంద్రంగా 60 వృత్తం గీసి, రెండు వైపులా సమానంగా సాగే మిడ్ ప్లేన్ ఆప్షన్‌తో 200 ఎక్స్‌ట్రూడ్ చేయండి, అంటే వృత్తాన్ని సాగదీసి ఘనంగా మార్చండి. లోపలి బోరు (రంధ్రం) ఇప్పుడే కొట్టొద్దు. తర్వాత ఫ్రంట్ ప్లేన్ మీద ఆరిజిన్ నుంచి ఒక గీత గీసి, పొడవు 100, అడ్డంతో కోణం 45 అని డైమెన్షన్లు ఇచ్చి స్కెచ్ మూసేయండి.

ఇప్పుడు ఫీచర్స్ ట్యాబ్‌లో రిఫరెన్స్ జామెట్రీ, అందులో ప్లేన్. ఫస్ట్ రిఫరెన్స్‌గా గీతను, సెకండ్ రిఫరెన్స్‌గా దాని పైచివరి బిందువును ఎంచుకోండి. గీతకు పర్పెండిక్యులర్ (లంబం), బిందువుకు కోయిన్సిడెంట్ (దాని మీదుగా) పడ్డాయో లేదో చూడండి. పైన ‘ఫుల్లీ డిఫైన్డ్’ అని వస్తేనే ఓకే నొక్కాలి. ఈ ప్లేన్ మీద, ఆ బిందువే కేంద్రంగా 40 వృత్తం గీసి ఆరిజిన్ వైపు బ్లైండ్ (ఇచ్చిన కొలత వరకే) 100 ఎక్స్‌ట్రూడ్ చేయండి. ప్రివ్యూలో బాణం బయటికి చూపిస్తే రివర్స్ డైరెక్షన్ నొక్కాలి. చివరగా బోర్లు: మెయిన్‌కు రైట్ ప్లేన్ నుంచి 50 వ్యాసంతో రెండు వైపులా త్రూ ఆల్ (ఆ చివరి దాకా), బ్రాంచికి ఏటవాలు ప్లేన్ నుంచి 32 వ్యాసంతో బ్లైండ్ 100.

ఈ వరుస తప్పొద్దు. మెయిన్ బోరు ముందే కొట్టేస్తే, తర్వాత వచ్చే 40 మి.మీ. బాస్ ఆరిజిన్ దాకా చొచ్చుకొచ్చి పైపులో దారి మూసేస్తుంది.

గీత పొడవు కూడా ఇష్టమొచ్చినంత పెట్టకూడదు. బ్రాంచి మూతి కింది అంచు మెయిన్ అక్షం నుంచి ఎంత ఎత్తులో ఉంటుందంటే, గీత పొడవులోంచి 20 తీసేసి 0.707తో గుణిస్తే వచ్చేటంత. అది 30 దాటాలంటే పొడవు 62.4 కంటే ఎక్కువ ఉండాలి. 60 పెడితే కింది అంచు 28.3 దగ్గరే ఆగి, మూతి మెయిన్ పైపు గోడలో కూరుకుపోతుంది. 100 పెడితే 56.6 వస్తుంది, వెల్డింగ్‌కూ చోటుంటుంది.

మొదటి పద్ధతి ఎప్పుడు వాడాలి? వాలు ముఖాన్నే కోసేటప్పుడు, అంటే వెడ్జ్‌లు (చీలలు), చాంఫర్ (అంచును వాలుగా కోయడం) లాంటి కోతలకు. ఫస్ట్ రిఫరెన్స్‌గా టాప్ ప్లేన్ ఎంచుకుని యాంగిల్ బటన్ నొక్కి 30 ఇవ్వండి. సెకండ్ రిఫరెన్స్‌గా మీరు గీసుకున్న గీతను ఎంచుకోండి. ప్లేన్ తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరిగితే ఫ్లిప్ ఆఫ్‌సెట్ టిక్ చేయాలి. ఆ గీత టాప్ ప్లేన్‌కు సమాంతరంగా ఉండటం ముఖ్యం. గీతే టాప్‌తో 20 డిగ్రీలు వాలి ఉంటే, దాని మీదుగా 10 డిగ్రీల ప్లేన్ జామెట్రీ ప్రకారమే సాధ్యం కాదు.

ఎక్కువ మంది తప్పు చేసేది అక్షం కోణం, ప్లేన్ కోణం కలిపేసి. రంధ్రం అక్షం బేస్‌తో 60 డిగ్రీలు అని డ్రాయింగ్‌లో ఉంటే, స్కెచ్ ప్లేన్ బేస్‌తో 30 డిగ్రీలుండాలి. 45 దగ్గర రెండూ ఒకటే కాబట్టి ఈ తప్పు బయటపడదు, తర్వాతి పార్ట్‌లో దెబ్బతీస్తుంది. ఓకే చేశాక ఎవాల్యుయేట్ ట్యాబ్‌లోని మెజర్‌తో కోణం ఒకసారి కొలవండి.

రెండు వైపులా వాలిన అక్షమైతే ఇంకా జాగ్రత్త కావాలి. నిలువు నుంచి ఫ్రంట్ వ్యూలో 30, సైడ్ వ్యూలో 30 కనిపిస్తే అసలు వాలు 39.23 డిగ్రీలు, 30 కాదు. ఒక ప్లేన్‌ను 30 తిప్పి, దాని మీద ఇంకోటి 30 తిప్పినా ఈ విలువ రాదు. 3డి స్కెచ్‌లో అక్షం గీసి, చివరి బిందువుకు మూడు దిక్కుల్లో కొలతలిచ్చి, దానికి లంబంగా ప్లేన్ వేయండి.

ఏ పద్ధతైనా, ప్లేన్‌ను మోడల్ అంచుకు కట్టకండి. రేపు ఆ అంచుకు ఆధారమైన ఫీచర్ మార్చినా, ప్లేన్‌కు ముందు ఫిల్లెట్ (అంచును గుండ్రం చేయడం) చేర్చినా అంచు మాయమైపోవచ్చు. అప్పుడు ప్లేన్ రిఫరెన్స్ తెగి, దాని మీదున్న స్కెచ్‌లన్నీ ఎర్రర్లు చూపిస్తాయి. ఆరిజిన్‌కు, మూడు ప్లేన్లకు కట్టిన సొంత గీత ఉంటే ఈ బాధ లేదు. ట్రీలో (ఫీచర్ల జాబితాలో) ‘ప్లేన్1’ అని వదిలేయకుండా ‘బ్రాంచి_45’ అని పేరు మార్చండి, ఆరు నెలల తర్వాత ఫైల్ తెరిచేవాళ్లకు వెతుకులాట తప్పుతుంది.