స్కీ బాటలు చదును చేద్దాం – మూడో పాఠం: తక్కువ ధరలో పాత స్నోమొబైల్ ఎంచుకోవడం

మొదటి పాఠంలో మంచు ఎలా గట్టిపడుతుందో చూశాం. రెండో పాఠంలో రోలర్ (మంచును నొక్కేది), డ్రాగ్ (చదును చేసేది), ట్రాక్‌సెట్టర్ (స్కీ గాళ్లు వేసేది) ఏ పనికి ఏది వాడాలో చూశాం. ఇప్పుడు వాటిని లాగే బండి, అంటే మంచు మీద నడిచే స్నోమొబైల్ సంగతి. అమెరికాలో మినెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ ఉత్తర భాగాల్లో చిన్న స్కీ క్లబ్బులు, ఫ్యాట్ బైక్ (మంచు మీద తొక్కే లావు టైర్ల సైకిల్) బృందాలు చాలావరకు స్వచ్ఛందంగా నడిచేవే. పెద్ద రిసార్టుల్లో తిరిగే పిస్టెన్‌బుల్లీ లాంటి భారీ యంత్రాలు వాటికి అందవు. కొత్త యుటిలిటీ (బరువు లాగే పనికి చేసిన) స్నోమొబైల్ కొనాలన్నా పదీ పన్నెండు వేల డాలర్లు దాటుతుంది. అందుకే దాదాపు అందరూ పాత బండితోనే మొదలుపెడతారు. మూడు నాలుగు వేల డాలర్లలో పదేళ్లు పనిచేసే బండి దొరుకుతుంది. ఏది చూడాలో తెలియాలి, అంతే.

ప్రకటనలు తిరగేసే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. బాట చదును చేసేటప్పుడు బండి గంటకు ఆరేడు మైళ్ల వేగంతో, వెనక రెండు మూడు వందల పౌండ్ల బరువు లాగుతూ, రెండు మూడు గంటలు ఆగకుండా తిరగాలి. మార్కెట్లో కనిపించే పాత స్నోమొబైళ్లలో ఎక్కువ భాగం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని కోసం తయారైనవి. గంటకు డెబ్భై ఎనభై మైళ్ల వేగంతో దూసుకెళ్లే బండిని ఈ పనికి తెస్తే పందెం గుర్రానికి అరక కట్టినట్టే. బండి తిన్నగానే ఉంటుంది, పని మాత్రం సాగదు.

వేడి

ఈ పాఠంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. గ్రూమింగ్‌లో, అంటే బాట చదును చేసే పనిలో, బండిని చంపేది వేడి.

స్నోమొబైల్ ఇంజిన్‌ను చల్లబరిచే పద్ధతులు ప్రధానంగా రెండు. లిక్విడ్ కూల్డ్ (ద్రవంతో చల్లబడే) బండ్లలో చాలావాటికి కారులో ఉన్నట్టు ముందు రేడియేటర్ ఉండదు. సీటు కింద, ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) పైన ఉండే లోహపు కప్పును టన్నెల్ అంటారు. కూలెంట్ ఆ టన్నెల్‌కు అతికించిన గొట్టాల గుండా పారుతుంది. ట్రాక్ వేగంగా తిరుగుతూ మంచును పైకి చిమ్మితే, ఆ మంచు తగిలి కూలెంట్ చల్లబడుతుంది. వేగం తగ్గితే చిమ్మే మంచూ తగ్గుతుంది. మార్చి నెలలో బాట గట్టిపడి మంచుగడ్డలా తయారైనప్పుడు అసలు చిమ్మడానికే ఏమీ ఉండదు. మనం నడిపేదేమో సరిగ్గా ఆ వేగంలో, ఆ బాట మీదే. పావుగంటలో టెంపరేచర్ లైటు వెలుగుతుంది.

ఫ్యాన్ కూల్డ్ ఇంజిన్‌కు ఈ బాధ లేదు. ఇంజిన్‌తో పాటే తిరిగే ఫ్యాన్ సిలిండర్ల మీదికి గాలి కొడుతుంది. మంచు ఉన్నా లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. గొట్టాలు, పంపు, కూలెంట్ లీకులు ఉండవు. బలం తక్కువే, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది, చప్పుడూ ఎక్కువే. అయినా తక్కువ బడ్జెట్‌తో మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒక్కటే: ఫ్యాన్ కూల్డ్ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 500 సీసీ అటూ ఇటూ. ఫ్యాన్‌తో కూడిన రేడియేటర్ విడిగా పెట్టిన ఫోర్ స్ట్రోక్ యుటిలిటీ బండ్లు కూడా ఉన్నాయి. అవి ఈ పనికి చాలా బాగుంటాయి, పొగా వాసనా తక్కువ. కాకపోతే ధర ఎక్కువ, బరువూ ఎక్కువ. మెత్తటి మంచులో కూరుకుపోతే ఇద్దరు మనుషులు పట్టినా బయటికి రావు.

వేడి తగిలే రెండో చోటు డ్రైవ్ బెల్ట్. స్నోమొబైల్‌కు కారులో ఉన్నట్టు గేర్లు ఉండవు. రెండు క్లచ్‌ల మధ్య బెల్ట్ తిరుగుతుంది, వేగాన్ని బట్టి క్లచ్‌లు వాటంతట అవే దగ్గరగా, దూరంగా జరుగుతాయి. తక్కువ వేగంలో బరువు లాగితే బెల్ట్ పూర్తిగా పట్టు దొరక్క జారుతుంది, జారితే కాలుతుంది. అందుకే యుటిలిటీ బండ్లలో లో, హై అని రెండు రేంజ్‌లతో గేర్‌బాక్స్ పెడతారు. లో రేంజ్‌లో వేస్తే అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, బెల్ట్ గట్టిగా పట్టుకుంటుంది. ప్రకటనలో లో రేంజ్ ఉందని కనిపిస్తే ఇంకో మూడు వందల డాలర్లు ఎక్కువైనా వెళ్లి చూడండి. అది లేని బండి కొన్నా దారి ఉంది. చైన్‌కేస్ (ట్రాక్‌ను తిప్పే చైన్ ఉండే పెట్టె) తెరిచి, పైనున్న పళ్ల చక్రం తీసి తక్కువ పళ్లున్నది వేయించవచ్చు. బండి గరిష్ఠ వేగం తగ్గిపోతుంది, దాంతో మనకు పనేమీ లేదు కాబట్టి నష్టం లేదు.

ట్రాక్ పొడవు, వెడల్పు

మామూలు ట్రయల్ బండ్లకు ట్రాక్ 15 అంగుళాల వెడల్పు, 121 అంగుళాల చుట్టుకొలత ఉంటుంది. గ్రూమింగ్‌కు ఇది చాలదు. వెనక బరువు తగిలించగానే గుంట తవ్వుకుంటూ కూర్చుంటుంది. స్కీ బాటలకైతే 20 అంగుళాల వెడల్పు, 154 అంగుళాల చుట్టుకొలత ఉన్న ట్రాక్ అన్నివిధాలా సరిపోతుంది. 24 అంగుళాలవి కూడా ఉన్నాయి. లోతైన మంచులో వాటికి సాటి లేదు, చెట్ల మధ్య తిప్పడం మాత్రం నరకం.

ఫ్యాట్ బైక్ కోసం సన్నటి అడవి బాట చేస్తున్నారా? అప్పుడు లెక్క తిరగబడుతుంది. మినెసోటాలో కయూనా దగ్గర ఉన్నలాంటి వంకర టింకర బాటల్లో వెడల్పాటి బండి మలుపు తిరగలేదు, తిరిగినా బాట అంచులు చెరిపేస్తుంది. అక్కడికి 15, 16 అంగుళాల ట్రాక్‌తో తేలికగా ఉండే బండే కావాలి. ముందు మీ బాటలో అన్నిటికన్నా ఇరుకైన మలుపు దగ్గరికి టేపు తీసుకెళ్లి కొలవండి. ఆ తర్వాతే ప్రకటనలు చూడండి.

పేర్లు

స్కీ-డూ వాళ్ల స్కాండిక్ ఈ పనికి పెట్టింది పేరు. ముఖ్యంగా రోటాక్స్ 503, 550 ఫ్యాన్ ఇంజిన్లతో వచ్చిన వెడల్పు ట్రాక్ మోడళ్లు. విడిభాగాలు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. యమహా వీకే540 నెమ్మదైన బండి, బరువైన బండి, మొండి బండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. యమహా స్నోమొబైళ్ల తయారీ ఆపేస్తున్నట్టు 2023లో ప్రకటించింది. 2025 మోడల్ సంవత్సరమే ఆఖరిది. కొనే ముందు మీ ఊళ్లో ఆ భాగాలు తెప్పించే దుకాణం ఉందో లేదో ఒక ఫోన్ చేసి అడగండి. ఆర్కిటిక్ క్యాట్ బేర్‌క్యాట్ 570 కూడా ఫ్యాన్ కూల్డే, ధర కొంచెం తక్కువ పలుకుతుంది. పొలారిస్ వైడ్‌ట్రాక్ రకరకాల ఇంజిన్లతో వచ్చింది, కాబట్టి పేరు చూసి కాక ఇంజిన్ చూసి తీసుకోండి. ఇరుకు బాటలకు పాత స్కీ-డూ టండ్రా, యమహా బ్రావో మంచివి. కూరుకుపోయినా ఒక్కరే లేపి పక్కన పెట్టుకోవచ్చు. వాటితో పెద్ద రోలర్ లాగాలని మాత్రం చూడకండి.

అమ్మేవారి గ్యారేజీలో

వెళ్లే ముందు ఫోన్‌లో ఒక మాట చెప్పండి: "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి." వెళ్లగానే హుడ్ ఎత్తి సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే చలిలో స్టార్ట్ అవ్వదన్న సంగతి దాస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. పెట్రోలు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. ఘాటుగా, పాత వార్నిష్‌లా కొడితే ఆ పెట్రోలు కార్బురేటర్లలో ఎండి సన్నటి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కార్బురేటర్ శుభ్రం చేయడం పెద్ద పని కాదు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం అవుతుంది.

తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూడటం. పాతిక ముప్పై డాలర్ల గేజ్ ఒకటి మీ దగ్గరే ఉండాలి. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసి, వాటి తీగల్ని ఇంజిన్ లోహానికి తగిలించి ఉంచండి. కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే మీట) నొక్కండి. గేజ్ ఒక సిలిండర్‌కు బిగించి, థ్రాటిల్ పూర్తిగా నొక్కిపట్టి, సూది ఇక పైకి కదలనంతవరకు స్టార్టర్ తాడు లాగండి. ఐదారు లాగులు పడుతుంది. రెండో సిలిండర్‌కూ అలాగే. ఫ్యాన్ ఇంజిన్లలో సాధారణంగా 110 నుంచి 130 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య చూపిస్తుంది. అసలు అంకె కన్నా రెండింటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం దాటిందంటే ఆ ఇంజిన్ విప్పాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. తీసిన ప్లగ్గుల్ని పారేయకుండా పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే గోధుమ రంగులో ఉంటే సంతోషం. ఒకటి తెల్లగా కాలినట్టుంటే ఆ సిలిండర్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతున్నట్టు.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి. కాస్త వేడెక్కాక థ్రాటిల్ ఒక్కసారి నొక్కి వదలండి. చప్పుడు వెంటనే తగ్గి ఐడిల్‌కు (థ్రాటిల్ వదిలినప్పటి నెమ్మది వేగానికి) రావాలి. తగ్గకుండా పైనే వేలాడుతూ ఉంటే ఎక్కడో గాలి లోపలికి లాగుతోంది. కార్బురేటర్ రబ్బరు పగిలితే చిన్న ఖర్చు. క్రాంక్ సీలు పోతే ఇంజిన్ మొత్తం విప్పాలి. అలాగే లాగిస్తే పిస్టన్ కాలిపోతుంది. ఈ ఒక్క లక్షణం కనిపిస్తే, బాగుచేయించే టెన్షన్ మనకెందుకు, దండం పెట్టి వచ్చేయండి. ఐడిల్‌లో ట్రాక్ మెల్లగా పాకుతూ ఉంటే బెల్ట్ బిగుతు సరిచేయాలి, లేదా ముందు క్లచ్ అతుక్కుంటోంది.

ఇంజిన్ ఆపేసి బండి వెనక భాగం స్టాండ్ మీదికి ఎత్తి ట్రాక్‌ను చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగు. రబ్బరు అంచుల్లో చీలికలు, ఊడిన లోహపు క్లిప్పులు, బయటికి పొడుచుకొచ్చిన ఫైబర్ కడ్డీలు ఉన్నాయేమో అంగుళం అంగుళం చూడండి. కొత్త ట్రాక్ అంటే వందల డాలర్లు, బిగించే కూలి అదనం. ఇంజిన్‌తో ట్రాక్ తిప్పి చూపిస్తామంటే మాత్రం వెనక ఎవరూ నిలబడకూడదు. ఊడిన ముక్క తుపాకీ గుండులా వస్తుంది.

ట్రాక్ లోపలి పట్టాల మీద ఉండే ప్లాస్టిక్ స్లైడర్లు ఎంత అరిగాయో, స్కీల కింద కార్బైడ్ కడ్డీలు మిగిలాయో చూడండి. ఇవి అరగడం సహజం, మార్చడం తేలిక. హిచ్ (వెనక పరికరాలు తగిలించే కొక్కెం) దగ్గర మాత్రం వంగి చూడాలి. చాలామంది వెనక బంపర్‌కే తాడు కట్టి లాగుతారు. దాంతో టన్నెల్ రేకు రివెట్ల దగ్గర చీలుతుంది. హిచ్ టన్నెల్‌కు మందమైన పలకతో బోల్టు చేసి ఉంటేనే మంచిది. హెడ్‌లైట్ లోపల, గేజీల వెనక సన్నటి బురద పేరుకుని కనిపిస్తే ఆ బండి ఎప్పుడో సరస్సు మంచు పగిలి నీళ్లలో మునిగి ఉండవచ్చు. ధర ఎంత తక్కువైనా వద్దు.

ఓడోమీటర్‌ను పెద్దగా పట్టించుకోకండి. సరిగ్గా చూసుకున్న 6,000 మైళ్ల బండి, పదేళ్లు షెడ్డులో పడున్న 900 మైళ్ల బండి కన్నా నయం.

కాగితాలు, బేరం

టన్నెల్ కుడి పక్కన చెక్కిన నంబరు రిజిస్ట్రేషన్ కార్డు మీదున్న నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. మినెసోటాలో రిజిస్ట్రేషన్ సహజ వనరుల శాఖ చూస్తుంది. 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టిన మినెసోటా వాసులు స్నోమొబైల్ నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి మినియాపోలిస్‌లో స్థిరపడిన మనవాళ్లకు చాలామందికి ఈ సంగతి తెలియదు. బండి కన్నా ముందు ఆ కోర్సు పూర్తి చేసుకోండి.

కొనడానికి మంచి కాలం ఏప్రిల్, మే. మంచు కరిగి గ్యారేజీలో చోటు కావాల్సి వస్తుంది కాబట్టి అమ్మేవాళ్లు దిగొస్తారు. మొదటి మంచు పడ్డాక అదే బండి ఐదారు వందలు ఎక్కువ పలుకుతుంది. మీ దగ్గర 4,000 డాలర్లుంటే బండికి 3,200 దాటొద్దు. మిగిలిన 800 బెల్టులకు (ఒకటి బండిలో, ఒకటి సీటు కింద), ప్లగ్గులకు, స్లైడర్లకు, చైన్‌కేస్ నూనెకు, హిచ్ బలపరచడానికి అయిపోతాయి. క్లబ్బు డబ్బుతో కొంటున్నట్టయితే ఈ 800 సంగతి సమావేశంలో ముందే చెప్పి ఒప్పించుకోండి.

ఈ వారం అభ్యాసం

మీకు వంద మైళ్లలోపు ఉన్న మూడు ప్రకటనలు ఎంచుకోండి. ప్రతిదానికీ నాలుగు విషయాలు రాయండి: చల్లబరిచే పద్ధతి, ట్రాక్ కొలత, లో రేంజ్ ఉందా, రివర్స్ ఉందా. ప్రకటనలో లేనివి అమ్మేవారికి ఫోన్ చేసి అడగండి. కొనకపోయినా ఒక బండి దగ్గరికి వెళ్లి, వారి అనుమతితో కంప్రెషన్ పరీక్ష చేసి రండి. నాలుగో పాఠంలో హిచ్ ఎత్తు, డ్రాగ్ కోణం అమర్చడం చూద్దాం. దానికి మీ బండి హిచ్ నేల నుంచి ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో కొలిచి పెట్టుకోండి.