మన ఎంపీ సభలో ఏం మాట్లాడారో మీరే చదివి తేల్చుకోవడం ఎలా: స్కాట్లండ్ రోడ్డు నుంచి కాజీపేట దాకా

ఎలక్షన్లు దగ్గర పడితే చాలు, హన్మకొండ చౌరస్తాలో నిలబడ్డా, ములుగు బస్టాండ్‌లో నిలబడ్డా ఒకటే ప్రశ్న: "మనోళ్లు ఢిల్లీ పోయి ఏం మాట్లాడిండ్రు?" దానికి జవాబు మాత్రం ఎవరో వాట్సాప్‌లో పెట్టిన అర నిమిషం క్లిప్ నుంచి వస్తుంది. ఆ క్లిప్ అభిమానులు కట్ చేసిందైనా కావొచ్చు, పడనివాళ్లు కట్ చేసిందైనా కావొచ్చు. అసలు రికార్డు మాత్రం అందరికీ అందుబాటులో ఉంది, పైసా ఖర్చు లేదు, ఫోన్ ఉంటే చాలు. నేను చెప్పే పద్ధతి ఒక్కటే: మనిషిని పట్టుకోకండి, ఒక్క సమస్యను పట్టుకుని ఆ మనిషి దాని గురించి ఏళ్ల తరబడి ఏం మాట్లాడారో చదవండి.

మొదటి ప్రాక్టీసు మన లీడర్లతో వద్దు. పార్టీ అభిమానం, కులం, పాత గొడవలు అన్నీ మధ్యలోకి వస్తాయి. మనకు ఏ సంబంధమూ లేని మనిషి రికార్డు తీసుకుంటే తప్పొప్పులు చల్లగా చూడగలుగుతాం. అందుకే నేను ఫెర్గస్ ఈవింగ్ పేరు చెబుతాను. స్కాట్లండ్ ఉత్తరాన హైల్యాండ్స్ అనే కొండల ప్రాంతం, అక్కడి ఇన్వర్నెస్ వైపు నుంచి 1999లో గెలిచి, ఆ తర్వాత పాతికేళ్లకు పైగా స్కాటిష్ పార్లమెంటులో కొనసాగిన నాయకుడు. ఆ పార్లమెంటు 1999లో మళ్లీ మొదలైన రోజు అందరికంటే పెద్ద వయసు సభ్యురాలిగా కుర్చీలో కూర్చుని, 1707 మార్చి 25న వాయిదా పడిన సభ మళ్లీ కొలువుదీరుతోందని ప్రకటించింది ఆయన తల్లి విన్నీ ఈవింగే.

చదవడం మొదలుపెట్టే ముందు ఏ విషయం ఏ సభదో తెలుసుకోండి. లండన్‌లోని పార్లమెంటు చేతిలో రక్షణ, విదేశాంగం, వలసలు, టెలికాం లాంటివి ఉంటాయి. ఎడిన్‌బరోలో 129 మంది కూర్చునే స్కాటిష్ పార్లమెంటు చేతిలో ఆసుపత్రులు, బడులు, వ్యవసాయం, రోడ్లు ఉంటాయి. మన దగ్గరా అంతే, రైల్వే, జాతీయ రహదారి, విమానాశ్రయం అయితే పార్లమెంటు, భూమి రికార్డులు, ఆర్ అండ్ బీ రోడ్లు, పీహెచ్‌సీ అయితే మన 119 మంది ఎమ్మెల్యేల అసెంబ్లీ. ఊరి ఆసుపత్రిలో డాక్టర్ లేడని ఎంపీ లోక్‌సభలో అడగలేదంటూ తిట్టడం న్యాయం కాదు, చాలామంది రికార్డు చూడటం అక్కడే దారి తప్పుతుంది.

ఇప్పుడు ఈవింగ్ దగ్గరికి. స్కాటిష్ పార్లమెంటు వెబ్‌సైట్‌లో 'అఫీషియల్ రిపోర్ట్' అని ఉంటుంది, సభలోనూ కమిటీల్లోనూ మాట్లాడిన దాదాపు ప్రతి మాటా అందులో ఉంటుంది. తడబాట్లు, ఒకే మాట రెండుసార్లు అనడం లాంటివి సరిచేస్తారు తప్ప అర్థం మార్చరు. ఇంకా సులువు కావాలంటే 'దే వర్క్ ఫర్ యూ' అనే సైట్ తెరవండి, మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది. 2004 నుంచి ఉంది. అందులో ఒక్కో సభ్యుడికి ఒక్కో పేజీ, పేరు పక్కన ఒక మాట కలిపి వెతికితే ఆ మనిషి ఆ మాట ఎత్తిన సందర్భాలన్నీ తేదీల వారీగా వరుసగా వచ్చేస్తాయి. ఈవింగ్ పేరు పక్కన 'ఏ9' అని కొట్టండి.

ఏ9 అంటే పెర్త్ నుంచి ఇన్వర్నెస్ పోయే రోడ్డు, హైల్యాండ్స్ జనానికి అదే ప్రాణం. అందులో 80 మైళ్ల సింగిల్ రోడ్డును 2025 కల్లా డబుల్ చేస్తామని 2011లో ప్రభుత్వం మాట ఇచ్చింది. కరీంనగర్ నుంచి వరంగల్ దాకా నాలుగు లేన్ల రోడ్డు కోసం ఎదురుచూసిన మనకు ఆ టెన్షన్ విడిగా చెప్పక్కర్లేదు. ఎదురుగా లారీ, వెనకాల బస్సు, ఓవర్‌టేక్ చేయాలంటే గుండె చేతిలో పట్టుకోవాలి. 2017లో ఒక ముక్క, 2021లో ఇంకో ముక్క తెరిచారు. 2023 ఫిబ్రవరిలో మంత్రి సభలో లేచి 2025 గడువు అందుకోలేమని ఒప్పుకున్నారు, అదే ఏడాది డిసెంబర్లో కొత్త గడువు 2035 అని చెప్పారు. ఈ తేదీలు ఒక కాగితం మీద నిలువుగా రాసుకుని, ఒక్కో తేదీకి ముందూ వెనకా ఈవింగ్ ఏం మాట్లాడారో పక్కన రాయండి. మొత్తం కసరత్తు ఇదే, ఇది చేయకుండా ఎన్ని ప్రసంగాలు చదివినా ఊకదంపుడే.

రాసేటప్పుడు ఒకటి గమనించండి. ఆయన 2007 నుంచి 2021 దాకా ప్రభుత్వంలో ఉన్నారు, 2016 నుంచి గ్రామీణ ఆర్థిక వ్యవహారాల మంత్రి. అంటే ఆ 2011 మాట ఇచ్చిన ప్రభుత్వంలో ఆయనా ఒకరు. మంత్రి పదవి పోయాక వెనక బెంచీ నుంచి సొంత పార్టీ ప్రభుత్వాన్నే ఆలస్యం ఎందుకని గట్టిగా నిలదీశారు. ఇందులో ఏది నిజమైన ఈవింగ్ అని తొందరపడి తీర్పు చెప్పకండి. మంత్రిగా ఉన్నవాళ్లు సభలో అడగరు, జవాబు చెబుతారు. ఆ కాలంలో ఆయన సొంత ఊరి మాట రికార్డులో తక్కువగా కనిపిస్తే అది కుర్చీ మారడం వల్ల కూడా కావొచ్చు. రెండు కాలాలనూ వేరువేరుగా పెట్టి చూడటమే సరైన పద్ధతి.

ఏ సందర్భంలో మాట్లాడారో కూడా పక్కన రాయాలి, ఎందుకంటే అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. గురువారం మధ్యాహ్నం ఫస్ట్ మినిస్టర్‌ను (మన ముఖ్యమంత్రి లాంటివారు) అడిగే ప్రశ్న టీవీలో వస్తుంది, అక్కడ అరుపులు ఎక్కువ. మెంబర్స్ బిజినెస్ అనే చర్చలు వేరు. ఒక మామూలు సభ్యుడు తన ప్రాంతం విషయం ప్రతిపాదిస్తే సాధారణంగా సభ పని ముగిశాక సాయంత్రం కొద్దిమందే కూర్చుని మాట్లాడతారు, ఓటింగ్ ఉండదు, టీవీ వాళ్లు పట్టించుకోరు. నా లెక్కలో ఊరి నాయకుడి అసలు రంగు తెలిసేది ఇక్కడే. పడవ సర్వీసు, మూతపడే బ్యాంకు, ప్రసవాల వార్డు, చేపల వేట, అన్నీ ఇక్కడే వస్తాయి. ఇక రాతపూర్వక ప్రశ్నలు ఇంకా పొడిగా ఉంటాయి కానీ లెక్కలు బయటికి వచ్చేది వాటిలోనే. కమిటీలను కూడా వదలొద్దు, ఏ9 ఆలస్యం మీద సామాన్య జనం పెట్టిన పిటిషన్‌ను పిటిషన్ల కమిటీ నెలల తరబడి విచారించింది, ఆ కమిటీలో ఈవింగ్ కూడా సభ్యుడే.

క్లిప్ సంగతి కూడా ఆయనతోనే తెలుస్తుంది. సముద్రంలో కొంత భాగాన్ని గట్టి రక్షణ కింద పెట్టి అక్కడ చేపల వేట ఆపాలని ప్రభుత్వం ఒక ప్రతిపాదన తెచ్చింది, తీరప్రాంత మత్స్యకారులు భగ్గుమన్నారు. 2023 మేలో ఆ చర్చలో ఈవింగ్ ప్రతిపాదన కాగితాన్ని సభలోనే చింపేశారు. ఆ చింపడం అందరూ చూశారు. కానీ దానికి ముందు ఆయన ఏ కారణాలు చెప్పారు, ఎదుటివాళ్లు మధ్యలో లేచి ఏం అడిగారు, ఆయన జవాబిచ్చారా తప్పించుకున్నారా, ఇవన్నీ రిపోర్టులోనే దొరుకుతాయి. ఆ ప్రతిపాదన మీద ఓటింగ్‌లో ఆయనతో పాటు కేట్ ఫోర్బ్స్, అలస్డేర్ ఆలన్ కూడా సొంత పార్టీకి ఎదురు నిలిచారు, ముగ్గురూ హైల్యాండ్స్, దీవుల వైపు వాళ్లే. జూన్ నెలాఖరుకు ప్రభుత్వం ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. కాబట్టి ప్రసంగం చదివాక ఓటు ఎటు వేశారో తప్పకుండా చూడండి. మాట ఒకవైపు, ఓటు ఇంకోవైపు ఉంటే అది ఎర్ర పెన్నుతో రాసుకోవాల్సిన సంగతి.

చేయి తిరిగాక ఇక మన దగ్గరికి రండి. సన్సద్ డాట్ ఇన్ తెరిస్తే లోక్‌సభ, రాజ్యసభ రెండింటి ప్రశ్నలూ చర్చలూ ఉంటాయి. వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్, మీది ఏదైతే ఆ ఎంపీ పేరు పెట్టి వెతకండి, తర్వాత పేరు తీసేసి ఊరి పేరు ఒక్కటే పెట్టి వెతకండి. ఈ రెండోది చాలా ముఖ్యం, మన ఊరి గురించి మన ఎంపీ కాకుండా వేరే రాష్ట్రం ఎంపీ అడిగి ఉండొచ్చు. మామునూరు లాంటి పేర్లను ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తారు, అన్నీ కొట్టి చూడండి.

ప్రశ్నల్లో చుక్క (నక్షత్రం) గుర్తువి, చుక్క లేనివి అని రెండు రకాలు. లోక్‌సభలో రోజుకు 20 చుక్క గుర్తు ప్రశ్నలు ఉంటాయి, వాటికి మంత్రి లేచి నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు కూడా అడగొచ్చు. చుక్క లేనివి 230 దాకా, వాటికి కాగితం మీదే జవాబు. ఒకే ప్రశ్న కింద నలుగురైదుగురు ఎంపీల పేర్లు ఉండటం మామూలే, కాబట్టి "మా ఎంపీ ఇన్ని వందల ప్రశ్నలు అడిగారు" అన్న పోస్టర్ చూసి మురిసిపోకండి. ఎంపీల పనితీరు లెక్కలు పెట్టే పీఆర్‌ఎస్ అనే సంస్థ సైట్‌లో హాజరు, చర్చలు, ప్రశ్నల లెక్క సులువుగా దొరుకుతుంది కానీ అది గుమ్మం మాత్రమే. ఎంపీ కేంద్ర మంత్రి అయితే అక్కడ ప్రశ్నలు ఉండవు, అది బద్ధకం కాదు, రూలే అంత.

జవాబు ఎలా చదవాలో కాజీపేటతో చూద్దాం. కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు పోయిందన్న బాధ ఓరుగల్లులో 1980ల నుంచి ఉంది. 2014 విభజన చట్టం తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ అవకాశాన్ని పరిశీలించాలంది. 2023 జులైలో ప్రధాని వచ్చి రైల్వే తయారీ యూనిట్‌కు పునాది రాయి వేశారు. ఈ మధ్యలోని జవాబులు తీసి చూడండి. ప్రశ్న ఏ, బీ, సీ, డీ ముక్కలుగా ఉంటుంది, కింద జవాబు 'ఏ నుంచి డీ వరకు' అని ఒకే పేరాలో కలిపేసి ఉంటుంది. అడిగింది కోచ్ ఫ్యాక్టరీ, చెప్పింది వ్యాగన్ యూనిట్ గురించో, పీవోహెచ్ (నిర్ణీత కాలానికి చేసే మరమ్మతు) వర్క్‌షాప్ గురించో కావొచ్చు. మూడూ వేరు. ఒక్కో ముక్కకు ఎదురుగా దాని జవాబు రాసి చూస్తే ఏ ముక్కకు జవాబు రాలేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తర్వాత చూడాల్సింది, మన ఎంపీ ఆ మిగిలిపోయిన ముక్కను తర్వాతి సెషన్లో మళ్లీ అడిగారా లేదా. నాకు దీన్ని మించిన కొలమానం కనబడలేదు. పసుపు బోర్డు, బయ్యారం స్టీల్, ములుగు గిరిజన యూనివర్సిటీ మీద కూడా ఇలాగే చేయండి. యూనివర్సిటీ హామీ 2014 చట్టంలోనే ఉంది, బిల్లు పార్లమెంటు దాటింది 2023 డిసెంబర్లో. ఆ మధ్య కాలంలో ఎవరు ఎన్నిసార్లు గుర్తుచేశారో చదవడం విలువైన పని.

"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం", "పరిశీలనలో ఉంది" అని మంత్రి అంటే దాన్ని ఊరికే పోనివ్వకండి. అలాంటి మాటలను సభకు ఇచ్చిన హామీగా లెక్కిస్తారు, మూడు నెలల్లో నెరవేర్చాలి, చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ప్రత్యేకంగా ఉంది.

జీరో అవర్‌లో, లోక్‌సభ 377 నిబంధన (ముందే రాసిచ్చి ఒక సమస్యను సభ దృష్టికి తెచ్చే పద్ధతి) కింద ఎత్తిన విషయాలు కూడా చదవండి, మన వైపు ఊరి సమస్యలు ఎక్కువగా వచ్చేది వాటిలోనే. ఎంపీ తెలుగులో మాట్లాడితే రికార్డులో అనువాదం కనిపిస్తుంది, వీడియోతో పోల్చుకోవడం మంచిది. అసెంబ్లీ విషయానికి వస్తే వెతకడం అంత సులువు కాదు, యూట్యూబ్ వీడియోలు, మరుసటి రోజు పేపర్ జిల్లా ఎడిషన్ దగ్గర పెట్టుకుని చేయాలి, ఓపిక పట్టండి.

ఇదంతా రాసుకున్న కాగితాన్ని ఇంట్లో దాచుకోవద్దు. ఎంపీ ఆఫీసుకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు "మా రోడ్డు సంగతి చూడండి సార్" అని కాకుండా ప్రశ్న నంబరు, తేదీ, మంత్రి పేరు, జవాబు రాని ముక్క ఏదో రాసి, ఆ జవాబు జిరాక్స్ వెనకాల పిన్ చేసి ఇవ్వండి. తర్వాతి సెషన్‌కు నోటీసులు తయారయ్యేది సభ మొదలవడానికి ముందే, కాబట్టి సెషన్ తేదీలు పేపర్లో వచ్చిన రోజే వెళ్లి ఇవ్వండి.